అయిదు మిల్లీమీటర్లు: శ్రీకాకుళంలో చేయించుకున్న టిఫా స్కాన్ గురించి

శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రైవేటు స్కానింగ్ కేంద్రంలో నేను రెండుసార్లు స్కాన్ చేయించుకున్నాను. మొదటిది ఇరవయ్యో వారంలో చేసే టిఫా. జనం దాన్ని అయిదో నెల స్కానింగ్ అంటారు. రెండోది బిడ్డ ఎదుగుదల చూడడానికి ముప్ఫై రెండో వారంలో చేసిన గ్రోత్ స్కాన్. ఈ రెండుసార్ల అనుభవంతోనే ఇది రాస్తున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే వాటిలో మెప్పు ఎంత ఉందో ఫిర్యాదు కూడా అంతే ఉంది. ఆ ఫిర్యాదులో సగం ఆ ఒక్క చోటికే చెందినదీ కాదు, ఏ స్కానింగ్ గది ముందు కూర్చున్న గర్భిణికైనా ఎదురుకాగలిగినదే.

నేను పలాస వైపు ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. అత్తవారిల్లు మందస మండలంలో, ఉద్దానం పల్లె. పలాసలో నన్ను చూస్తున్న డాక్టరు గారు మొదటి స్కాన్ అక్కడే చేయించి, టిఫాకు మాత్రం శ్రీకాకుళం వెళ్లమని చీటీ రాశారు. బిడ్డ అవయవాలను ఒక్కొక్కటిగా చూసి కొలిచే ఈ పరీక్షకు యంత్రం కంటే పొట్ట మీద జరిపే ప్రోబ్‌ను పట్టుకున్న చేతి అభ్యాసమే ముఖ్యమని ఆమె అభిప్రాయం. విశాఖపట్నం తీసుకువెళ్లమని బంధువులు పట్టుబట్టారు గానీ, టెక్కలి, నరసన్నపేటల మీదుగా శ్రీకాకుళం చేరేసరికే నడుము పట్టేస్తుంటే ఇంకో రెండు గంటలు బస్సులో కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. రైలు ఉంది నిజమే, కానీ శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి మళ్లీ ఆటో ఎక్కాలి.

కౌంటరు దగ్గర చట్టానికి సంబంధించిన పద్ధతులన్నీ సక్రమంగానే ఉన్నాయి. లింగ నిర్ధారణ చేయబోమని, అది శిక్షార్హమైన నేరమని తెలుగులో రాసిన బోర్డు, కేంద్రం రిజిస్ట్రేషన్ పత్రం రెండూ కంటికి ఎదురుగా ఉన్నాయి. 1994 నాటి చట్టం కింద గర్భిణికి చేసే ప్రతి స్కానుకూ ఫారం ఎఫ్ నింపాలి. డాక్టరు చీటీ, ఆధార్ చూసి, ఇదివరకు పిల్లలున్నారా, ఈ స్కాన్ ఎందుకు రాశారు అన్న వివరాలు రాసుకుని, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలన్న కోరిక నాకు లేదన్న ప్రకటన మీద సంతకం తీసుకున్నారు. నేను సంతకం చేస్తూ ఉండగానే పక్క కుర్చీలోని పెద్దావిడ నా పొట్ట వాలు చూసి ఆ సంగతి కాస్తా చెప్పేశారు. ఆమెకు ఏ ఫారమూ అక్కరలేదు కదా!

అదే కౌంటరులో చివరి నెలసరి తేదీ అడిగారు, చెప్పాను, యంత్రంలో ఆ తేదీయే ఎక్కింది. నాకు నెలసరి ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు రోజులకు గానీ రాదన్న సంగతి వారు అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఈ చిన్న విషయం ఎంత దూరం పోయిందో కింద రాస్తాను.

ఆ తరువాత లీటరు నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లకుండా కూర్చోమన్నారు. నా టోకెను పద్నాలుగు. పది గంటలకు వెళితే లోపలికి పిలిచింది ఒంటిగంట ఇరవైకి. తొలి వారాల్లో గర్భాశయం ఇంకా కటి ఎముకల మధ్యనే ఉంటుంది కాబట్టి నిండిన మూత్రాశయం దానిని చూడడానికి కిటికీలా పనికొస్తుంది. ఇరవయ్యో వారానికి గర్భాశయం బొడ్డు దాకా పైకి వస్తుంది, ధ్వని తరంగాలకు కావలసిన దారిని ఉమ్మనీరే ఇస్తుంది. పైగా మూత్రాశయం మరీ నిండిపోతే గర్భాశయ ముఖద్వారం ఒత్తుకుని, ఉన్నదానికంటే పొడవుగా కనబడి మోసం చేస్తుంది. లోపల డాక్టరు గారు నా ముఖం చూడగానే ముందు మరుగుదొడ్డికి వెళ్లి రమ్మన్నారు. లోపలి గదిలో తెలిసిన సంగతి బయటి బల్ల దాకా రాకపోవడమే ఈ కేంద్రం మీద నా మొదటి ఫిర్యాదు. తరువాతి ఫిర్యాదులన్నీ ఒక విధంగా దాని పిల్లలే.

గది లోపల జరిగిన పనిలో మాత్రం వంక పెట్టడానికి ఏమీ లేదు. రేడియాలజిస్టు నడివయసు మహిళ. ప్రోబ్ పొట్ట మీద పెట్టిన రెండు నిమిషాలకే "అమ్మా, మొదటి స్కాన్ రిపోర్టు తెచ్చుకున్నారా?" అని అడిగారు. తెర మీద ప్రతి కొలత పక్కనా యంత్రం ఇన్ని వారాలు, ఇన్ని రోజులు అని వేస్తుంది. అవన్నీ ఇరవై వారాల చుట్టూ తిరుగుతున్నాయి, పై వరుసలో మాత్రం కౌంటరులో ఇచ్చిన తేదీ లెక్కన ఇరవై ఒక్క వారాల రెండు రోజులు అని ఉంది. పాత రిపోర్టు తీసి చూస్తే అందులో బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు, అంటే సీఆర్‌ఎల్, 58 మిల్లీమీటర్లు ఉంది. అది పన్నెండు వారాల రెండు రోజుల బిడ్డ కొలత. నెలసరి తేదీ ప్రకారమైతే ఆ రోజుకు పదమూడు వారాల నాలుగు రోజులు కావాలి. తేడా తొమ్మిది రోజులు.

తొలి మూడు నెలల్లో పిల్లలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి అప్పటి పొడవును బట్టి వయసును అయిదు నుంచి ఏడు రోజుల తేడాలో చెప్పవచ్చు. ఆ తరువాత తల్లిదండ్రుల ఒడ్డూ పొడవూ, మాయ పనితనం, తల్లి ఆరోగ్యం తమ తమ ముద్ర వేయడం మొదలుపెడతాయి. ఒకే వయసు పిల్లలు వేర్వేరు సైజుల్లో కనబడతారు. అందుకే మొదటి స్కానుతో ఒకసారి కుదిర్చిన ప్రసవ తేదీని తరువాతి స్కాన్లను చూసి మార్చకూడదు. ఆ తరువాతి కొలతలు బిడ్డ వయసెంతో చెప్పడానికి కాదు, తెలిసిన వయసుకు తగినట్టు పెరుగుతున్నదో లేదో చూడడానికి. "మీరు చెప్పిన తేదీ తప్పేం కాదమ్మా, మీకు అండం ఆలస్యంగా విడుదలైంది, అంతే" అని చెప్పి, ఆమె యంత్రంలో వయసు సరిచేసి మళ్లీ మొదటి నుంచి కొలిచారు. ఆ పాత కాగితం నేను ఇంట్లో మరచిపోయి ఉంటే, బిడ్డ తొమ్మిది రోజులు వెనకబడిందన్న మాట మోసుకుని తిరుగు బస్సు ఎక్కేదాన్ని.

తల కొలిచే తీరు నావంటి లెక్కల మనిషికి వేడుకగా ఉంటుంది. తలను ఏ మట్టంలో అడ్డంగా కోసినట్టు చూడాలన్నదానికి గుర్తులున్నాయి. నడిమి గీత రెండు పక్కలకూ సమదూరంలో ఉండాలి, మెదడు నడుమ ఉండే థాలమస్ జంట కనబడాలి, దానికి ముందు చిన్న పెట్టెలాంటి ఖాళీ కనబడాలి, చిన్నమెదడు మాత్రం కనబడకూడదు; కనబడితే ప్రోబ్ ఏటవాలుగా ఉన్నట్టు. చిత్రాన్ని అక్కడ ఆపి, కపాలం బయటి అంచు వెంట దీర్ఘవృత్తం పరిచి చుట్టుకొలత తీశారు: 173 మిల్లీమీటర్లు. అడ్డుకొలతను, అంటే రిపోర్టుల్లో బీపీడీ అని ఉండే దానిని, ఒక పక్క ఎముక బయటి అంచు నుంచి అవతలి పక్క లోపలి అంచు దాకా తీశారు: 46. ఒకవైపు బయట, ఇంకోవైపు లోపల ఎందుకని అడిగాను. ఏ వారానికి ఏ కొలత ఎంత ఉండాలో చూడడానికి ఈ కేంద్రం వాడే హ్యాడ్‌లాక్ పట్టిక అలా తీసిన కొలతల మీద కట్టినది కాబట్టి అన్నారు. నాగపూర్‌తో సహా ఎనిమిది దేశాల్లోని నగరాల్లో తల్లులను గమనించి 2014లో ప్రచురించిన ఇంటర్‌గ్రోత్ ప్రమాణాల్లోనైతే బయటి అంచు నుంచి బయటి అంచుకే కొలుస్తారు. ఒక పద్ధతిలో కొలిచి ఇంకో పట్టికలో వెతికితే, ఏ లోపమూ లేని తల రెండు మూడు మిల్లీమీటర్లు చిన్నదో పెద్దదో అయి కూర్చుంటుంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నప్పుడు తల ముందు వెనుకలకు సాగి అడ్డుకొలత తగ్గుతుందని, అందువల్ల అడ్డుకొలత కంటే చుట్టుకొలతను నమ్మడం మేలని కూడా ఆమె చెప్పారు.

పొట్ట చుట్టుకొలత దగ్గర చూపిన ఓపికకే నేను ఈ కేంద్రానికి ఎక్కువ మార్కులు వేస్తాను. తలకు ఎముక గోడ ఉంది, తొడ ఎముకకు రెండు కొసలున్నాయి. పొట్టకు గట్టి అంచంటూ లేదు. బిడ్డ కదిలితే మారుతుంది, ప్రోబ్ గట్టిగా నొక్కితే గుండ్రటిది కోడిగుడ్డవుతుంది. సరైన మట్టంలో జీర్ణాశయం నల్లటి బుడగలా కనబడాలి, కాలేయంలోకి పోయే బొడ్డు సిర చేతికర్ర వంపులా తిరగాలి. మూత్రపిండాలు చిత్రంలోకి వచ్చాయంటే కిందికి జారినట్టు లెక్క. మా బిడ్డ ఆ రోజు వీపు పైకి పెట్టి పడుకుంది, వెన్నెముక నీడ పడి పొట్టలో సగం చీకటి. మూడుసార్లు తీస్తే 158, 151, 149 వచ్చాయి. సగటు తీసి ముగిస్తే అడిగేవారు లేరు. ఆమె అలా చేయలేదు. బయట ఇంకా నలుగురు కాచుకుని ఉండగానే నన్ను లేపి, ఏదైనా తిని పావుగంట వరండాలో నడిచి రమ్మన్నారు. మళ్లీ పడుకునేసరికి బిడ్డ పక్కకు తిరిగింది. 149, 150, 149 వచ్చాయి. 158ని కొట్టేశారు. అరటికాయను నిటారుగా తరిగితే వచ్చే చక్రం కంటే ఏటవాలుగా తరిగితే వచ్చే చక్రం పెద్దది. వంటింట్లో రోజూ చూసే ఈ సంగతే అక్కడ బిడ్డ బరువును ఇరవై గ్రాములకు పైగా పెంచి చూపించేది.

ఈ ఒక్క కొలత మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఆ చుట్టుకొలతలో పెద్ద భాగం కాలేయానిది. మాయ నుంచి అందే పోషణ తగ్గితే బిడ్డ ముందుగా కాలేయంలోని నిల్వలు ఖర్చుచేసుకుంటుంది, రక్తాన్ని మెదడుకు మళ్లించుకుంటుంది. తల పెరుగుతూనే ఉండగా పొట్ట చిక్కిపోవడం కష్టకాలానికి తొలి గుర్తు కావడానికి కారణం ఇదే.

మిగిలినవి త్వరగానే అయ్యాయి. తొడ ఎముక 32 మిల్లీమీటర్లు. మెదడులోని నీటి గది వెడల్పు 6.3, పది లోపు ఉండాలి. చిన్నమెదడు అడ్డుకొలత 20. గర్భం సగానికి వచ్చేదాకా అది ఎన్ని వారాలో దాదాపు అన్ని మిల్లీమీటర్లు ఉంటుందట, పట్టిక అక్కరలేని ఈ లెక్క నాకు ఎంతో నచ్చింది. గుండె ఛాతీలో మూడోవంతు చోటు తీసుకుని, మొనను ఎడమకు సుమారు నలభై అయిదు డిగ్రీలు తిప్పుకుని ఉండాలి, అలాగే ఉంది. అడిగినవాటికల్లా తెర మీద వేలు పెట్టి చూపించిన ఆమె, బిడ్డ మూత్రాశయం వైపు వెళ్లేసరికి మాత్రం మాట్లాడకుండా తెరను తనవైపు తిప్పుకున్నారు. నాకు అది నొప్పి కలిగించలేదు సరికదా, సంతకం చేసిన కాగితానికి విలువ ఉందనిపించింది.

ఎడమ మూత్రపిండం దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగారు. మూత్రపిండాల పొడవు 21, 22 మిల్లీమీటర్లు, అవి వయసుకు తగ్గవే. లోపల మూత్రం చేరే గరాటు లాంటి భాగాన్ని, బిడ్డ వెన్నెముక నేరుగా పైకో కిందికో ఉండేలా అడ్డకోతలో పట్టుకుని, ముందు నుంచి వెనక్కి కొలిచారు. కుడివైపు 3.2, ఎడమవైపు 5.1. "ఒక చిన్న విషయం ఉంది, రిపోర్టు ఇచ్చేటప్పుడు మాట్లాడతాను" అన్నారు.

కానీ రిపోర్టు ఇచ్చింది ఆమె కాదు, కౌంటరులోని అబ్బాయి. "బేబీకి లెఫ్ట్ కిడ్నీలో వాపుందండి, మీ డాక్టరుకి చూపించండి" అని హాలంతా వినబడేలా చెప్పి కాగితం చేతిలో పెట్టాడు. మా అత్తగారు నీళ్ల సీసా పట్టుకుని పక్కనే ఉన్నారు. మా మామగారికి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్ జరుగుతుంది. ఉద్దానంలో కిడ్నీ అన్న మాట ఎలా వినబడుతుందో బయటివారికి చెప్పడం కష్టం. కిడ్నీల పనితనం చెప్పే రక్తపరీక్ష పేరు క్రియాటినిన్ అని సరిగా పలకడం రాని ముసలమ్మలకు కూడా తమ వీధిలో ఎవరికి అది ఎంత ఉందో అంకెతో సహా తెలుసు. ఆవిడ కుర్చీలో కూలబడి "కడుపులో గుంటక్కూడా కిడ్నీ జబ్బేనేటమ్మా?" అన్నారు.

నేను టోకెను లేకుండానే తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఈ కేంద్రానికి నేను ఇచ్చే మంచి మాటల్లో రెండోది ఇక్కడ చెప్పాలి. ఆమె విసుక్కోలేదు, అత్తగారినీ లోపలికి పిలిపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడారు. ఉద్దానంలో వచ్చేది పెద్దవాళ్ల జబ్బు, ఎక్కువగా పొలాల్లో పనిచేసేవారిని ఏళ్ల తరబడి లోలోపల తినేది, మూత్రపిండం వడపోసే శక్తినే పోగొట్టేది. దానికి అసలు కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. ఇది అది కాదు. ఇక్కడ మూత్రపిండం వడపోస్తూనే ఉంది, వడపోసిన మూత్రం కిందికి జారే దారిలో కొంచెం ఎక్కువ నిలబడి ఉంది. వాపు అన్న మాటే తప్పు, అది మూత్రంతో కొద్దిగా వెడల్పయిన చోటు మాత్రమే. అయిదో నెలకు వచ్చేసరికి ఉమ్మనీరులో చాలా భాగం బిడ్డ మూత్రమే. నా ఉమ్మనీటిలో అన్నిటికంటే లోతైన చోటు 4.6 సెంటీమీటర్లు, రెండు నుంచి ఎనిమిది మధ్య ఉండాలి. మూత్రపిండాలు పనిచేస్తున్నాయనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అన్నారు. మా అత్తగారికి మిగిలినదేదీ ఎక్కలేదు గానీ ఈ మాట ఎక్కింది. బస్సులో రెండుసార్లు నాకే తిరిగి చెప్పారు.

ఇక అంకె సంగతి. 2014లో అమెరికాలో పలు వైద్య సంఘాలు కలిసి కుదిర్చిన వర్గీకరణ ప్రకారం, ఇరవై ఎనిమిది వారాల లోపు ఈ కొలత నాలుగు మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే మామూలు. నాలుగు నుంచి ఏడు లోపు ఉండి, మూత్రాశయం, మూత్రపిండం కండ, ఉమ్మనీరు అన్నీ సవ్యంగా ఉంటే తక్కువ ప్రమాదపు వర్గం, ముప్ఫై రెండు వారాలకు గానీ ఆ తరువాత గానీ మళ్లీ ఒకసారి చూడాలి. ఇరవై ఎనిమిది వారాలు దాటాక హద్దు ఏడుకు పెరుగుతుంది. ఇలాంటి స్వల్పమైన వెడల్పుల్లో ఎక్కువ భాగం వాటంతట అవే సర్దుకుంటాయి. డౌన్ సిండ్రోమ్‌తో దీనికి ఉన్న సంబంధం బలహీనమైనది; పన్నెండో వారంలో మెడ వెనుక నీటి మందం, రక్తపరీక్ష రెండూ బాగున్నాయి కాబట్టి, ఇదొక్కటే కనబడినప్పుడు దాని గురించి బెంగ పెట్టుకోనక్కరలేదన్నారు. మూత్రాశయం ఉబ్బి, రెండు వైపులా వెడల్పయి, నీరు తగ్గి ఉంటే మాత్రం విషయం వేరు, అప్పుడు విశాఖపట్నానికి ఆ రోజే పంపేదాన్నని కూడా దాచకుండా చెప్పారు. నాకు ధైర్యం ఇచ్చినది ఈ చివరి మాటే.

ఇంటికి వచ్చి రిపోర్టు చదివాను. కొలతలన్నీ నేను తెర మీద చూసినవే, కానీ శీర్షికలో కౌంటరువారి తేదీయే ఉంది: నెలసరి ప్రకారం ఇరవై ఒక్క వారాల రెండు రోజులు, దాని పక్కన స్కాన్ ప్రకారం ఇరవై వారాలు, కింద రెండు వేర్వేరు ప్రసవ తేదీలు. మొదటి స్కానుతో కుదిర్చిన తేదీ ఏదన్న ఒక్క వాక్యం ఎక్కడా లేదు. ఎడమ మూత్రపిండం అంకె ఉంది, దాని హద్దు ఎంతో లేదు, ఎప్పుడు మళ్లీ చూడాలో లేదు. మిగిలిన పేరాలు అందరికీ ఒకటే అచ్చు అని తెలిసిపోతూనే ఉంది. గదిలో ముప్ఫై అయిదు నిమిషాలు అంత జాగ్రత్తగా జరిగిన పని రెండు పేజీల కాగితం మీదికి వచ్చేసరికి సగం జారిపోయింది. ఏ రాత్రో నొప్పులతో ఇంకో ఆసుపత్రికి వెళ్లవలసివస్తే అక్కడి డాక్టరు చూసేది ఆ కాగితాన్నే కదా. ఫోను చేశాను. దిద్ది ఇస్తామన్నారు, రెండు రోజులు పట్టింది, మా వారు సెలవు పెట్టుకుని వెళ్లి తెచ్చారు. దిద్దిన ప్రతిలో తేదీతో పాటు డాక్టరు గారు తమ చేతితో రెండు వాక్యాలు చేర్చారు. మొదటే ఆ రెండు వాక్యాలు ఉంటే ఈ పేరా రాసేపని ఉండేది కాదు.

ముప్ఫై రెండో వారంలో మళ్లీ అక్కడికే వెళ్లాను. ఈసారి మొదటి స్కాన్ రిపోర్టును కౌంటరులో అడగకముందే ఇచ్చి, ఈ తేదీనే యంత్రంలో పెట్టమని చెప్పాను. పెట్టారు. నీళ్లు తాగమన్నారు, తాగలేదు. తల చుట్టుకొలత 294, పొట్ట 278, తొడ ఎముక 61. ఎడమ మూత్రపిండంలో ఆ వెడల్పు 5.8, కుడివైపు 3.5. అంకె పెరిగింది. ఇరవయ్యో వారంలో 5.1 హద్దు దాటినది, ముప్ఫై రెండో వారంలో 5.8 హద్దులో ఉన్నది. బిడ్డ పెరిగింది, దానితోపాటు గరాటూ పెరిగింది, పెరగవలసిన దానికంటే తక్కువే పెరిగింది. ఇక పుట్టిన తరువాత దీని కోసం ప్రత్యేకంగా స్కాన్ అవసరం లేదని ఆ వర్గీకరణే చెబుతుంది. ఈసారి ఈ మాట రిపోర్టులోనూ ఉంది.

బరువు 1,858 గ్రాములు, దాని పక్కనే 279 ఎక్కువ తక్కువలని చిన్న అక్షరాల్లో వేశారు. ఆ చిన్న అక్షరాలను ఎవరూ చదవరు. బరువు అన్నది యంత్రం తూచి చెప్పేది కాదు; తల, పొట్ట, తొడ ఎముక కొలతలను 1985లో హ్యూస్టన్‌లో హ్యాడ్‌లాక్ బృందం ఇచ్చిన సూత్రంలో పెట్టి కట్టే అంచనా. నేను ఆ సూత్రాన్ని కాగితం మీద పెట్టి చూశాను. మిగిలినవి కదపకుండా పొట్ట చుట్టుకొలత ఒక్క సెంటీమీటరు పెంచితే బరువు నూరు గ్రాములు పెరిగింది. కాబట్టి ఒక చోట 1,850, వారం తరువాత ఇంకో చోట 1,900 వస్తే బిడ్డ పెరగలేదని కంగారు పడనక్కరలేదు. పెరుగుదల చూడడానికి కనీసం రెండు మూడు వారాల ఎడం, వీలైతే అదే చేయి, అదే పట్టిక కావాలి. తేదీ సంగతి కూడా ఇక్కడే తేలింది. ముప్ఫై రెండు వారాలకు 1,858 అంటే ఎదుగుదల పటంలోని నడిమి గీతకు కొంచెం దిగువన, నిశ్చింతగా ఉండవలసిన చోటు. కౌంటరులోని పాత తేదీ అలాగే ఉండి ఉంటే ఇదే బిడ్డ ముప్ఫై మూడు వారాల రెండు రోజులదై, పదో పర్సంటైల్ గీత, అంటే నూటికి పదిమంది పిల్లలు మాత్రమే దిగువన ఉండే గీత, అంచుకు చేరేది. అక్కడి నుంచి రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్లు వారం వారం, ఎదుగుదల లేదన్న మాట, త్వరగా పురుడు పోయాలన్న ఆలోచన ఒకదాని వెంట ఒకటి వచ్చేవి.

కొన్ని చిల్లర విషయాలు. టిఫాకు రెండు వేలు, గ్రోత్ స్కానుకు వెయ్యి తీసుకున్నారు. రసీదు అడగకుండానే ఇచ్చారు. మా వారిని రెండుసార్లూ లోపలికి రానివ్వలేదు, చట్టంలో అలాంటి నిషేధం లేదు గానీ ఇది ఆ కేంద్రం నియమం. ఎక్కువసేపు స్కాన్ చేస్తే బిడ్డకు రేడియేషన్ తగులుతుందని హాలులో ఇద్దరు మాట్లాడుకున్నారు. ఇది ఎక్స్‌రే కాదు, వినబడని ధ్వని. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్, ఆయన సహచరులు లోహాల్లో పగుళ్లు వెతికే యంత్రం నుంచి ఈ పద్ధతిని ప్రసూతి వైద్యంలోకి తెచ్చారు. వేడి ఎంత పుట్టవచ్చో చెప్పే సూచిక తెర మూలన కనబడుతూనే ఉంటుంది, అవసరానికి మించి తరంగాలు పంపకపోవడం డాక్టరు బాధ్యత. మా రేడియాలజిస్టు మాట్లాడేటప్పుడల్లా చిత్రాన్ని ఆపేసి ప్రోబ్ ఎత్తేవారు. హాలులో కుర్చీలు చాలవు, ఫ్యాను ఒక్కటే, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఖర్చు భారమైనవారు ముందు అక్కడ చూపించుకుని, అవసరమైతే చీటీ రాయించుకోవడం మంచిది.

నేను మళ్లీ వెళతానా అంటే, ఆ రేడియాలజిస్టు ఉన్నంతకాలం వెళతాను. ఉదయం ఎనిమిదిన్నరకు టోకెను తీసుకుంటే పదకొండు లోపు పని అవుతుంది. మొదటి స్కాన్ రిపోర్టు పైన కనబడేలా పెట్టుకుని వెళ్లండి, రిపోర్టు చేతికి వచ్చాక శీర్షికలోని తేదీ చూడకుండా మెట్లు దిగకండి. మా రెండో రిపోర్టులో తేదీ సరిగ్గానే పడింది. ఈసారి ఇంటిపేరు తప్పు పడింది. పెన్నుతో దిద్ది, పక్కన ముద్ర వేసి ఇచ్చారు.